గీతలు కలిసినచోట కలిసేది ఏమిటి?

విశాఖపట్నం నుంచి ఒక టీచర్ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, స్కూలు వివరాలు బయటపెట్టొద్దన్నారు. వయసు 28. బీఎస్సీ, బీఈడీ చేశారు. ఇల్లు గాజువాకలో, ఉద్యోగం మద్దిలపాలెం వైపు ఒక ప్రైవేటు స్కూల్లో. చేరి ఏడు నెలలైంది. తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లకు ఫిజిక్స్ చెబుతున్నారు.

ఒకరోజు బోర్డు మీద స్థానం–కాలం గ్రాఫ్ గీశారు. ఒక ఆటో సెకనుకు 8 మీటర్ల స్థిరమైన వేగంతో సిగ్నల్ దాటింది. సరిగ్గా ఆ క్షణానే అక్కడ ఆగి ఉన్న బైక్ కదిలింది. దాని వేగం ప్రతి సెకనుకూ 2 మీటర్ల చొప్పున పెరుగుతోంది. ఆటోది తిన్నని గీత, బైక్‌ది పైకి వంగుతూ పోయే గీత. 8వ సెకను దగ్గర రెండూ కలుస్తాయి. "రెండింటి వేగం ఎప్పుడు సమానం?" అని అడిగి, గీతలు కలిసిన చోటు చూపించి "8వ సెకను దగ్గర" అని ఈవిడే జవాబు చెప్పేశారు. మూడో బెంచీలో ఒక అబ్బాయి లేచి, "మేడమ్, అక్కడ రెండూ ఒకచోటికి వచ్చాయి అంతే కదా, బైకే స్పీడుగా పోతోంది కదా" అన్నాడు. ఈవిడ కంగారుపడి, "ముందు టెక్స్ట్‌బుక్ చదివి తర్వాత మాట్లాడు, కూర్చో" అన్నారు. క్లాసంతా నవ్వింది.

ఇంటికెళ్లి లెక్క వేసి చూసుకుంటే అబ్బాయి చెప్పిందే నిజమని తేలింది. కానీ మర్నాడు నోరు రాలేదు. ఈలోగా యూనిట్ టెస్టులో అదే ప్రశ్న వచ్చింది, రెండు మార్కులకి. కీ ఈవిడే తయారుచేశారు, "8" అని. "4" అని రాసిన ఆ అబ్బాయికీ, ఇంకో ముగ్గురికీ మార్కులు పోయాయి. ఆ అబ్బాయి ఇప్పుడు చెయ్యెత్తడం మానేశాడు. సీనియర్ టీచర్‌ని అడిగితే "వదిలెయ్, పిల్లలు మర్చిపోతారు, ఒకసారి తప్పు ఒప్పుకుంటే నెత్తికెక్కుతారు" అన్నారట. భర్త "ఇంత టెన్షన్ దేనికి, మానేసి బ్యాంకు పరీక్షలకి చదువుకో" అంటున్నారట. ఉత్తరం చివర ఇలా ఉంది: "నిజానికి గ్రాఫులు నాకు డిగ్రీలో కూడా అర్థం కాలేదు. బట్టీపట్టి పాసయ్యాను. వచ్చే సోమవారం నుంచి వేగం–కాలం గ్రాఫులు చెప్పాలి. నేను టీచర్‌గా పనికొస్తానా? క్లాసులో చెప్పాలా, ఊరుకోవాలా?"

అమ్మా,

మీ ఉత్తరంలో మూడు ముడులు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. గ్రాఫులో జరిగిన తప్పు ఒకటి, పిల్లాడికి జరిగిన అన్యాయం ఇంకొకటి, మీమీద మీకు పోయిన నమ్మకం మూడోది. మూడూ కలిసి ఉన్నాయి కాబట్టి కొండంత కనిపిస్తున్నాయి. మొదటిది విప్పితే మిగతా రెండూ వదులవుతాయని నాకు అనిపిస్తోంది. అందుకే ముందు ఆటో, బైక్ సంగతి చూద్దాం.

మీ గ్రాఫులో నిలువు గీత మీద ఉన్నది స్థానం. అంటే సిగ్నల్ నుంచి ఎంత దూరంలో ఉన్నారన్నది. రెండు గీతలు కలిశాయంటే ఆ క్షణంలో రెండు బళ్లూ సిగ్నల్ నుంచి ఒకే దూరంలో ఉన్నాయని. 8వ సెకనుకి ఆటో 64 మీటర్లు వెళ్లింది, బైక్ కూడా 64 మీటర్లే వెళ్లింది. అంతకుమించి ఆ బిందువు ఇంకేమీ చెప్పదు. వేగం కావాలంటే గీత ఎంత ఎత్తులో ఉందో చూస్తే తెలీదు, ఎంత ఏటవాలుగా ఉందో చూడాలి. 7వ సెకనుకి బైక్ 49 మీటర్ల దగ్గర, 9వ సెకనుకి 81 మీటర్ల దగ్గర ఉంటుంది. రెండు సెకన్లలో 32 మీటర్లు. అంటే 8వ సెకను దగ్గర దాని వేగం సెకనుకు 16 మీటర్లు, ఆటోకి సరిగ్గా రెట్టింపు. మీ అబ్బాయి "బైకే స్పీడుగా పోతోంది" అన్నాడంటే, గీత నిటారుగా లేవడం వాడి కంటికి కనిపించిందన్నమాట.

మరి వేగాలు ఎప్పుడు సమానం? 3వ సెకనుకి బైక్ 9 మీటర్ల దగ్గర, 5వ సెకనుకి 25 దగ్గర ఉంది. 16 మీటర్లు, రెండు సెకన్లు. సెకనుకు 8. కాబట్టి 4వ సెకను. బైక్ గీతకి 4 దగ్గర స్కేలు ఆనించి చూడండి, ఆ స్కేలు ఆటో గీతకి సమాంతరంగా ఉంటుంది. అప్పుడు ఆటో 32 మీటర్ల దగ్గరుంది, బైక్ 16 దగ్గరే ఉంది. మధ్యలో 16 మీటర్ల ఎడం. రెండూ మళ్లీ కలిసేదాకా ఆ ఎడం అత్యంత ఎక్కువగా ఉన్నది ఆ క్షణంలోనే. అప్పటిదాకా ఆటో వేగం ఎక్కువ కాబట్టి ఎడం పెరుగుతూ వచ్చింది. ఆ తర్వాత బైక్ వేగం ఎక్కువ కాబట్టి తగ్గుతూ పోయింది. పెరగడం ఆగి తగ్గడం ఇంకా మొదలుకాని ఆ ఒక్క క్షణంలోనే వేగాలు సమానం. కలుసుకున్నప్పుడు కాదు, బాగా దూరమైనప్పుడు! ఇంత అందమైన సంగతి మీ ప్రశ్నలోనే దాక్కుని ఉంది. దాన్ని తయారుచేసింది మీరే, అది మర్చిపోవద్దు.

ఈ తప్పు మీ ఒక్కరిదే అనుకుంటున్నారేమో. అమెరికాలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ట్రోబ్రిడ్జ్, మెక్‌డెర్మాట్ అనే ఇద్దరు 1980లో ఒక పరిశోధన ప్రచురించారు. పక్కపక్కనే ఉన్న రెండు పట్టాల మీద రెండు బంతులు దొర్లించి, "వీటి వడి ఎప్పుడైనా సమానమైందా?" అని కాలేజీ విద్యార్థులను అడిగారు. ఒక బంతి ఇంకోదాన్ని దాటిపోయే క్షణాన్ని చూపించి "అదిగో అప్పుడే" అన్నవాళ్లు చాలామంది. ఫిజిక్స్ కోర్సు చదివినవాళ్లలో కూడా ఆ జవాబు పూర్తిగా పోలేదు. పక్కపక్కన ఉండటాన్ని ఒకే వేగంతో ఉండటంగా చూడటం మనిషి బుద్ధికి అంత సహజం.

తెలుగులో మనకి ఇంకో చిక్కు కూడా ఉంది. వెనకనుంచి వచ్చిన బండి పక్కకి చేరితే "మనకి సమానంగా వచ్చేశాడు" అంటాం. ఆ సమానం చోటుకి సంబంధించింది, చెవికి మాత్రం వేగంలో సమానం అన్నట్టు వినిపిస్తుంది. పుస్తకంలోనేమో వడి (ఎంత స్పీడన్నది) వేరు, వేగం (దిశ కూడా కలిపిన స్పీడు) వేరు. బయట మనకి వేగం అంటే స్పీడే. దిశ సంగతి మనం మాటల్లో అసలు చెప్పం. ఇవన్నీ పిల్లల నోళ్లలోనూ ఉన్నవే కాబట్టి పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టుకోవచ్చు.

ఇక నా సంగతి ఒకటి చెబుతాను. నేను జూనియర్ కాలేజీలో చేరిన కొత్తలో, సెకనుకు 20 మీటర్ల వేగంతో పైకి విసిరిన బంతికి వేగం–కాలం గ్రాఫ్ అని చెప్పి, 20 నుంచి రెండో సెకనుకి సున్నాకి దించి, మళ్లీ నాలుగో సెకనుకి 20కి ఎక్కించేవాణ్ణి. ఇంగ్లీషు వీ అక్షరంలా. మూడేళ్లు అలాగే చెప్పాను. వేగం గ్రాఫులో గీత కింద వైశాల్యం స్థానభ్రంశాన్ని, అంటే బయల్దేరిన చోటు నుంచి ఎంత జరిగిందన్నది చెబుతుంది. నాలుగో ఏడు ఒక కుర్రాడు ఆ వైశాల్యం లెక్కగట్టి, "సార్, 40 మీటర్లు వచ్చింది. కానీ బంతి మళ్లీ చేతిలోకే వచ్చిందిగా, స్థానభ్రంశం సున్నా రావాలి కదా" అన్నాడు. నేను గీసింది వడి గ్రాఫ్. వేగం గ్రాఫ్ అయితే సున్నా దాటి కిందికి, మైనస్ 20 దాకా, ఒకే తిన్నని గీతగా పోవాలి. మీరన్నట్టే నాకూ నోరు రాలేదు. "రేపు చూద్దాం" అన్నాను. ఆ రేపు ఇంకా రాలేదు. ఆ కుర్రాడి ముఖం గుర్తుంది, పేరు గుర్తులేదు. అందుకే ఈ విషయంలో నేను తటస్థంగా మాట్లాడలేను, ఆ సంగతి దృష్టిలో పెట్టుకునే మిగతాది చదవండి.

ఊరుకోవడం అన్నది ఒక దారి. సీనియర్ టీచర్ మాటని నేను తీసిపారేయను. ఆవిడ ఎన్ని క్లాసులు చూసుంటారో. మామూలు పొరపాటైతే, ఒక అంకె తారుమారైతే, పిల్లలు నిజంగానే మర్చిపోతారు. ఇక్కడ ఇబ్బందేమిటంటే సోమవారం పాఠం మిమ్మల్ని ఊరుకోనివ్వదు. అదే ఆటో, అదే బైక్ వేగం–కాలం గ్రాఫులో గీయండి. ఆటోది 8 దగ్గర అడ్డంగా పోయే గీత. బైక్‌ది సున్నా నుంచి ఏటవాలుగా లేచే గీత. రెండూ 4వ సెకను దగ్గర ఖండించుకుంటాయి! ఇక్కడ నిలువు గీత మీద ఉన్నది వేగం కాబట్టి కలిసినచోటే వేగాలు సమానం. పోయిన వారం 8 అని చెప్పిన మేడమ్ ఈ వారం 4 అని గీస్తే, మూడో బెంచీ అబ్బాయి ఒక్కడే కాదు, ఇంకో పదిమంది కూడా చూస్తారు. చూసినా అడగరు, ఎందుకంటే అడిగితే ఏమవుతుందో వాళ్లకి తెలుసు. ఊరుకుంటే మీకు కలిసొచ్చేది మహా అయితే ఆ నాలుగు రోజులు.

గుట్టుగా సర్దడం ఇంకో దారి. అబ్బాయిని స్టాఫ్‌రూమ్ దగ్గరికి పిలిచి "నువ్వు చెప్పిందే కరెక్ట్ నాన్నా" అని చెప్పి, క్లాసులో ఏమీ అనకుండా సరైన పాఠం చెప్పేయడం. మీకు ఇది తేలిక, పిల్లాడికీ కొంత ఊరట. బిడియస్తుడైతే పదిమందిలో మెచ్చుకోవడం కన్నా ఇదే వాడికి నచ్చవచ్చు కూడా. కానీ కూర్చోమన్నది పదిమందిలో, నవ్వింది పదిమంది. తప్పు సరిదిద్దడం మాత్రం నలుగురూ లేని చోట. పైగా "8" అని రాసి రెండు మార్కులు తెచ్చుకున్నవాళ్లు అదే నిజమనుకుని పదో తరగతికి పోతారు. ఇంకో సెక్షన్‌కి అసలు గొడవ జరిగిందనే తెలీదు. ఈ దారి పట్టుకుంటే కనీసం ఆ ప్రశ్నని రెండు సెక్షన్లలోనూ మళ్లీ చేయించండి.

క్లాసులో చెప్పేయడం మూడోది. దీనికీ ఖర్చుంది. ఎవరో ఒకడు వెనకనుంచి కిసుక్కుమనవచ్చు. ఒకరిద్దరు ఇంటికెళ్లి "మా మేడమ్‌కి రాదు" అనవచ్చు. ఒక తండ్రి ఫోన్ చేయవచ్చు. మీది ఏడాదికోసారి రెన్యూ చేసే ఉద్యోగమైతే అది చిన్న భయం కాదు. అందుకే క్లాసు కన్నా ముందు ప్రిన్సిపాల్ దగ్గరికో, అకడమిక్ కోఆర్డినేటర్ దగ్గరికో వెళ్లండి. అక్కడ పశ్చాత్తాపం మాటలేమీ అక్కర్లేదు. "యూనిట్ టెస్ట్ కీలో ఒక ప్రశ్నకి జవాబు తప్పు పడింది, నలుగురికి రెండేసి మార్కులు కలపాలి, సరిచేసిన కీ ఇదిగో" అని కాగితం చేతికివ్వండి. కీలో తప్పులు పడటం ఏ స్కూలుకీ కొత్త కాదు. తర్వాత ఏ ఫోన్ వచ్చినా ఆ విషయం వాళ్లకి ముందే తెలిసుంటుంది. "8" రాసినవాళ్ల మార్కులు తీసెయ్యాలా అన్నది కూడా అక్కడే తేల్చుకోండి. నేనైతే తియ్యను. వాళ్లు రాసింది మీరు చెప్పిందే కదా.

ప్రిన్సిపాల్ కసురుకునే మనిషైతే? అది మీకు తెలియాలి, నాకు కాదు. కసురుకున్నా కీ సరిదిద్దొద్దని మాత్రం అనలేరనుకుంటాను. నిజంగానే అంటే, మీ వారు చెబుతున్న బ్యాంకు పరీక్షల గురించి అప్పుడు ఆలోచించండి. అలాంటి చోటు వదిలేయడానికి అదొక కారణం అవుతుంది. గ్రాఫులు రావని వదిలేయడం మాత్రం నాకు సబబుగా తోచడం లేదు.

క్లాసులో ఏం చెప్పాలన్నది మీ ఇష్టం. నేనైతే రెండు గ్రాఫులూ ఒకదాని కింద ఒకటి, పైన స్థానం–కాలం, కింద వేగం–కాలం, కాలం అంకెలు నిలువునా ఒకే వరసలో వచ్చేలా గీస్తాను. "పోయినసారి నేను 8 అన్నాను, తప్పు. ఎందుకు తప్పో ఈ రెండూ చూసి మీరే చెప్పండి" అంటాను. ఆ అబ్బాయిని బోర్డు దగ్గరికి లాగకండి, వాడు రానంటే ఇంకో ఇరకాటం. ముందురోజే "రేపు నీ జవాబు క్లాసులో చెబుతున్నాను, నీ పేరు చెప్పనా?" అని అడగండి. వద్దంటే వద్దు. అప్పుడు ఇంకో ప్రశ్న వెయ్యండి: కింది గ్రాఫులో బళ్లు కలిసేదెప్పుడు? గీతలు ఖండించుకున్నచోట కాదు, వాటి కింద వైశాల్యాలు సమానమైనచోట. 8వ సెకను దాకా ఆటోది దీర్ఘచతురస్రం, 8 రెట్లు 8, 64. బైక్‌ది త్రిభుజం, 8 రెట్లు 16లో సగం, 64. పైన ఖండన బిందువులో ఉన్న జవాబు కింద వైశాల్యంలో దొరికింది. పైన వాలులో ఉన్నది కింద ఖండనలో దొరికింది. మీ తప్పు వల్లే ఈ పాఠానికి ఇంత బిగువు వచ్చింది, అది లేకపోతే ఇవి రెండు వేర్వేరు బొమ్మలుగా మిగిలిపోయేవి.

"గ్రాఫులు నాకు అర్థం కాలేదు" అన్నారు. బట్టీపట్టినవాళ్లకి అర్థం కాకపోవడంలో వింతేముంది. మీరు రోజూ గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా బస్సులో వస్తున్నారు కదా. రెండు రోజులు ఒక పని చేయండి. ఎన్‌ఏడీ, గురుద్వారా, ఇలా ఒక్కో చోట ఫోన్లో టైము రాసుకోండి. ఇంటికెళ్లాక మ్యాపులో దూరాలు చూసి స్థానం–కాలం గ్రాఫ్ గీయండి. ఎన్‌ఏడీ దగ్గర బస్సు ఇరుక్కుపోతే గీత అడ్డంగా సాగుతుంది. ఎయిర్‌పోర్టు ముందు ఖాళీ రోడ్డు దొరికితే నిటారుగా లేస్తుంది. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు గీత కిందికి దిగుతుంది, బస్సేమీ లోయలోకి దిగడం లేదు, గాజువాక నుంచి కొలిచే దూరం తగ్గుతోందంతే. పిల్లలు తప్పేది ఇక్కడే, గ్రాఫుని దారి బొమ్మ అనుకుంటారు. సింహాచలం కొండెక్కే బస్సూ, బీచ్ రోడ్డు మీద బస్సూ ఒకే స్థిరవేగంతో వెళ్తే రెండింటికీ గీత అచ్చు ఒకటే. కొండ ఎక్కుతూ బస్సు నెమ్మదిస్తే, వేగం గ్రాఫు కొండలా లేవదు, కిందికి వాలుతుంది. ఈ రెండూ గీయించి చూడండి, సగం క్లాసు కొండ గీస్తుంది.

ఋణ (మైనస్) వేగం చెప్పాల్సి వస్తే మన రైల్వే స్టేషన్ ఉండనే ఉంది. హౌరా వైపు నుంచి వచ్చి విజయవాడ వైపు పోయే చాలా రైళ్లు ఇక్కడ దిశ మార్చుకుంటాయి. ఇంజన్ రెండో కొసకి వస్తుంది. అప్పటిదాకా ముందుకు చూస్తూ కూర్చున్నవాళ్లు ఇప్పుడు వెనక్కి ప్రయాణం చేస్తారు. స్పీడోమీటర్ ముల్లుకి ఇదేమీ తెలీదు. వేగం గ్రాఫు మాత్రం సున్నా దగ్గరికి దిగి, రైలు ఆగినంతసేపూ అడ్డగీత మీదే పాకి, తర్వాత దాని కిందికి వెళ్తుంది. నేను చేసిన వీ అక్షరం తప్పు మీ క్లాసులో జరగకుండా ఈ ఒక్క ఉదాహరణ చాలు.

రైల్వే మాట వచ్చింది కాబట్టి చిన్న సంగతి. సెక్షన్ కంట్రోలర్లు, అంటే ఒక మార్గంలో ఏ రైలు ఎప్పుడు వెళ్లాలో చూసే ఉద్యోగులు, రైళ్ల రాకపోకలను చూసుకునేది ఇలాంటి స్థానం–కాలం గ్రాఫులోనే. ఒక పక్క స్టేషన్లు, ఇంకో పక్క గంటలు. రెండు గీతలు ఖండించుకున్నాయంటే రెండు రైళ్లు ఒకేచోట ఉన్నాయన్నమాట, సింగిల్ లైనైతే అది స్టేషన్లోనే జరగాలి. అక్కడ ఆ బిందువును వేగం అనుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మీ పిల్లల్లో రైల్వే ఉద్యోగుల పిల్లలుంటే ఇంట్లో అడిగి రమ్మనండి.

టీచర్‌గా పనికొస్తారా అన్న ప్రశ్నకి నా దగ్గర అవునూ కాదూ లేదు, మీ క్లాసు నేను చూడలేదు. క్లాసులో తప్పు చెప్పి, ఇంటికెళ్లి ఎవరూ అడగకుండానే లెక్క వేసి చూసుకున్నారని మాత్రం మీ ఉత్తరమే చెబుతోంది. ఆ పని నేను మూడేళ్లు చెయ్యలేదు.

సోమవారం లోపల చేయాల్సింది కొంచెమే ఉంది. ముందు ఆ నాలుగు పేపర్లు బయటికి తియ్యండి. రెండో సెక్షన్‌వి కూడా ఇంకోసారి తిరగెయ్యండి, "4" అని రాసి కొట్టేసి "8" చేసుకున్నవాళ్లు ఉండే ఉంటారు.